పెండ్లొక్కటే సాలదు.. ఏ తొవ్వల పోయినవో సూస్తరు

అమెరికా పోయిన మనోళ్లల్ల కొందరు వీసా గడువు దాటినా ఆన్నే ఉండిపోతరు. ఆడి పౌరురాలినో, పౌరుణ్నో పెండ్లి చేసుకుంటె "ఇగ గ్రీన్ కార్డు వచ్చినట్టే" అని ఊర్లె అనుకుంటరు. గంత అల్కగ రాదు. అక్కడి చట్టం ముందుగాల అడిగేది ఒక్కటే: దేశంలకు ఎట్ల వచ్చినవ్?

వీసా మీద పోతె: విమానాశ్రయంల అధికారి సూసి పంపినోళ్లు, గడువు దాటినా ఆన్నే ఉండి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పౌరులైన భార్య లేదా భర్త ఐ-130 ఫారం, మనోళ్లు ఐ-485 ఫారం నింపాలె. పెండ్లాడింది పౌరులను కాకుండ గ్రీన్ కార్డు ఉన్నోళ్లనైతె ఈ ఎసులుబాటు ఉండది.

దొంగతొవ్వల సరిహద్దు దాటితె: శానమందికి ఆడ ఉండి కార్డు రాదు. బయటికొచ్చి అమెరికా కాన్సులేట్ల వీసా తీసుకోవాలె. అసలు చిక్కు ఈడనే. 1996 చట్టం ప్రకారం, అనుమతి లేకుంట 180 రోజులు దాటి ఉండి బయటికొస్తె 3 ఏండ్లు, ఏడాది దాటితె 10 ఏండ్లు మళ్ల పోనియ్యరు. బయటికి రాకముందే ఐ-601ఎ ఫారంతోని మాఫీ అడగొచ్చు. ఈ పద్ధతి 2013 నుంచి ఉన్నది. కాని తాను లేకుంటె పౌరులైన భార్యకో, భర్తకో మస్తు కష్టమైతదని రుజువు సూపియ్యాలె.

2024ల బైడెన్ సర్కారు, దేశం దాటకుంటనే దరఖాస్తు పెట్టుకునే పథకం తెచ్చింది. నవంబర్ల టెక్సస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది.

పైసలిచ్చి దొంగ పెండ్లి చేసుకుంటె 5 ఏండ్ల దాక జైలు, 2,50,000 డాలర్ల దాక జుర్మానా. తర్వాత నిజం పెండ్లి చేసుకున్నా కార్డు రాదు. ఇంట్ల కొట్టి, తిట్టి సతాయిస్తుంటె మాత్రం, ఆడోళ్లైనా మొగోళ్లైనా, అవతలోళ్ల సంతకం లేకుంటనే ఐ-360 ఫారంతోని సొంతంగ అడగొచ్చు.

ఇగ ఇంటోళ్లకు ఒక మాట. "అమ్మకు పాణం బాగలేదు, ఒక్కసారి వచ్చిపో బిడ్డా" అని ఫోన్ చేస్తం. ఆ ఒక్క ప్రయాణంతోని పదేండ్లు పెండ్లాం పిల్లలకు దూరం కావొచ్చు. ఐ-485 నడుస్తుంటె, అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి లేకుంట దేశం దాటితె దరఖాస్తు ఇడిసిపెట్టినట్టే లెక్క. దరఖాస్తు పెట్టినంత మాత్రాన పంపియ్యరని భరోస కూడ లేదు.

విద్యార్థి వీసా మీద పోయినోళ్లకు రోజుల లెక్క వేరే తీరుగ ఉంటది. అందుకే ఏజెంటు మాట కాదు, అక్కడి ఇమ్మిగ్రేషన్ వకీలు మాట ఇనాలె. "ఎప్పుడొస్తున్నవ్?" అనుడు కన్న ముందు "వకీలును అడిగినవా?" అని అడుగుండ్రి.