ఒక్క రోజు ముందు దిగిపోయిన ముగ్గురు

గ్రాండ్ కాన్యన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళకి లెక్కలేదు. పొద్దున్నే లాస్ వేగాస్‌లో బయల్దేరడం, సౌత్ రిమ్ మీద నాలుగు ఫోటోలు, తెచ్చుకున్న పులిహోర, చీకటి పడేసరికి మళ్ళీ కారు. అక్కడే పావెల్ పాయింట్ దగ్గర మెట్లతో ఒక రాతి కట్టడం ఉంటుంది. ఎక్కి ఫోటో దిగేవాళ్ళే గానీ దాని మీద పేర్లు చదివేవాళ్ళు తక్కువ. నా గొడవంతా ఆ పేర్ల గురించే.. అంటే, అక్కడ లేని పేర్ల గురించి.

1869 మే 24న వయోమింగ్‌లో గ్రీన్ రివర్ దగ్గర పదిమంది నాలుగు పడవలెక్కారు. అప్పటికి సరిగ్గా రెండు వారాల క్రితమే అమెరికా రెండు తీరాల్నీ కలిపే రైలుమార్గం పూర్తయింది. పడవలు షికాగో నుంచి రైల్లోనే వచ్చాయి. నాయకుడు జాన్ వెస్లీ పావెల్, భూగర్భశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. 1862లో షైలో యుద్ధంలో కుడిచెయ్యి పోయింది. గ్రీన్, కొలరాడో నదుల మీదుగా దాదాపు వెయ్యి మైళ్ళు పోవాలని ప్లాను. తిండి పది నెలలకి సరిపడా పెట్టుకున్నారు.

ఇప్పుడు గైడూ, రబ్బరు రాఫ్టూ, లైఫ్ జాకెట్టూ పెట్టుకుని రెండు వారాలు ఆ నదిలో తిరిగొచ్చేవాళ్ళున్నారు. వీళ్ళవి చెక్క పడవలు. బరువైనవి, సూటిగా పోతాయి గానీ బండల మధ్య చప్పున తిరగవు. పైగా తెడ్లు వేసేవాళ్ళు పడవ పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చునేవాళ్ళు, ముందున్న బండ వీపుకి కనబడాలన్నమాట! ముందుకి తిరిగి కూర్చుని, వేగం తగ్గించుకుంటూ రాపిడ్‌లోకి దిగే పద్ధతిని 1890లలో నాథనియల్ గాలొవే అనే ఆయన వాడుకలోకి తెచ్చాడు. 1869 వాళ్ళకి తెలిసిన ఉపాయాలు రెండే. తాళ్ళు కట్టి పడవల్ని ఒడ్డు వెంట దించడం, లేదా సామానంతా భుజాన మొయ్యడం.

జూన్‌లోనే ఒక పడవ బండకి కొట్టుకుని ముక్కలైపోయింది. దాంతో బోలెడు తిండీ, అందులో ఉన్న ముగ్గురి బట్టలూ పోయాయి. ఒడ్డుకి రమ్మన్న సైగ చూసుకోలేదని పావెల్ ఆ పడవ నడిపిన ఒరమెల్ హౌలాండ్‌నే తప్పుపట్టాడు. జులైలో ఫ్రాంక్ గుడ్‌మన్ ఇక నావల్ల కాదని దిగిపోయాడు. ఆగస్టు వచ్చేసరికి మిగిలింది బూజు వాసనేసే పిండి, ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు, కాఫీ. పది నెలల తిండి మూడు నెలలకే ఆ గతి!

ఆగస్టు 27 సాయంత్రం ఎదురుగా అన్నిటికన్నా భయంకరంగా ఉన్న రాపిడ్. ఆ రాత్రి హౌలాండ్ వచ్చి, నది వదిలేసి కొండెక్కి పోదామన్నాడు. పావెల్ కొలతలు తీసి లెక్కకట్టాడు. వర్జిన్ నది కలిసే చోటు సూటిగా 45 మైళ్ళు, నది వంకల్లో 80 నుంచి 90. తెల్లవార్లూ ఇసకలో పచార్లు చేశాడట.

మేనేజరు ఎస్టిమేట్ చెప్పాడు, తిండి ఐదు రోజులకి వస్తే గొప్ప. అప్పటిదాకా "ఇక పెద్ద రాపిడ్లు ఉండవులే" అనుకున్న ప్రతిసారీ ఇంకోటి ఎదురైంది. మీరైతే నమ్ముతారా? నేనైతే హౌలాండ్ వెనకాలే కొండెక్కేవాణ్ణి.

మర్నాడు ఒరమెల్, అతని తమ్ముడు సెనెకా, విలియం డన్ విడిపోయారు. తుపాకులు పంచుకున్నారు. వంటవాడు హాకిన్స్ వాళ్ళకోసం బిస్కెట్లు చేసి రాతి మీద పెట్టాడు. అవతలివాళ్ళే చావుకి ఎదురుపోతున్నారని ఇద్దరూ అనుకున్నారని పావెలే రాసుకున్నాడు. ముగ్గురూ పైనుంచి చూస్తుండగా రెండు పడవలు రాపిడ్ దాటేశాయి. కింద ఆగి తుపాకులు పేల్చారు, వెనక్కొస్తారేమోనని. రాలేదు. ఆగస్టు 29 మధ్యాహ్నానికల్లా ఆరుగురూ కాన్యన్ బయటపడ్డారు, 30న వర్జిన్ నది చేరారు. ఒక్క రోజు తేడా!

కొండెక్కినవాళ్ళు చంపబడ్డారు. వేరే ఎవరో అనుకుని మేమే చంపామని షివ్విట్స్ తెగవాళ్ళు ఒప్పుకున్నారని 1870లో పావెల్‌కి తెలిసింది. మోర్మన్ల పని అని తర్వాత్తర్వాత అనుమానించినవాళ్ళూ ఉన్నారు. శవాలైతే దొరకలేదు.

పావెల్ 1902లో పోయాడు. పావెల్ పాయింట్ కట్టడాన్ని 1918లో ప్రారంభించినప్పుడు హౌలాండ్ సోదరులు, డన్, గుడ్‌మన్ పేర్లు చెక్కలేదు, మధ్యలో వదిలేసి పోయినవాళ్ళని. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. గుడ్‌మన్ సంగతి పక్కన పెట్టండి. మిగతా ముగ్గురూ మూడు నెలలకి పైగా తెడ్లు వేశారు, అందులో హౌలాండ్ దారి పొడవునా మ్యాపు గీశాడు. తొంభై రోజులు పైబడి పనిచేసినవాడి పేరు రిలీజుకి ముందురోజు మానేశాడని క్రెడిట్స్‌లోంచి కొట్టేస్తారా?

అసలు తమాషా ఇంకోటుంది. పావెల్ 1871-72లో రెండోసారి వెళ్ళాడు. 1875 నివేదికలో ఆ రెండో యాత్ర సంగతులు కూడా కొన్ని 1869లోనే జరిగినట్టు కలిపి రాసేసి, రెండో జట్టు పేర్లు మాత్రం ఎత్తలేదు. ఆ జట్టులో ఫ్రెడరిక్ డెలన్‌బా అని ఒక కుర్రాడుండేవాడు. ఆ రాతి కట్టడం మీద ముగ్గురి పేర్లు ఉండక్కర్లేదని గట్టిగా వాదించినవాళ్ళలో అతనూ ఒకడు :)