అర్థానికి ముందు అరగదీత

చైనా జేడ్ కళ గురించి చెప్పేవారు సాధారణంగా సంకేతాలతో మొదలుపెడతారు. నడుమ రంధ్రమున్న గుండ్రటి బిళ్ల ‘బీ’ ఆకాశానికి, లోపల గుండ్రంగా బయట పలకలుగా ఉండే గొట్టం ‘త్సోంగ్’ భూమికి, గబ్బిలం అదృష్టానికి గుర్తులంటారు. వింటుంటే ఆ రాయికి దక్కిన గౌరవమంతా ఈ అర్థాల చలవే అనిపిస్తుంది. కాలక్రమం పక్కన పెట్టుకుని చూస్తే సంగతి తారుమారవుతుంది. వస్తువులు ముందు వచ్చాయి; మనం వాటికి చెప్పుకునే అర్థాలు చాలా వెనక వచ్చాయి. యుగానికో తీరుగా అర్థాలు మారినా మారనిది, ఆ రాతిని లొంగదీయడానికి పట్టే శ్రమ. జేడ్ గౌరవానికి పునాది అదేనని నా వాదన.

చైనాలో అనాదిగా వాడిన జేడ్ నెఫ్రైట్. సన్నని పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని అల్లుకున్న ఖనిజం కావడంతో ఉలి దెబ్బకు పెచ్చులూడదు. మోస్ కొలమానం మీద దాని కాఠిన్యం 6 నుంచి 6.5 దాకా ఉంటుంది. కంచు దాని మీద గీత కూడా పెట్టలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. అంతకన్నా గట్టి ఇసుకను నీటితో తడిపి, తాడుతోనో పలకతోనో రాచి రాచి అరగదీయాలి. కోసేది పనిముట్టు కాదు, ఇసుక. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ వెలువరించిన ‘తియాన్‌గోంగ్ కైవూ’ అనే సాంకేతిక గ్రంథంలో కాళ్లతో తొక్కి తిప్పే ఇనుప చక్రం, దానికి అందించే నీళ్లూ ఇసుకా బొమ్మతో సహా ఉన్నాయి. తాడు పోయి చక్రం వచ్చింది, మామూలు ఇసుక చోట గార్నెట్, కురువిందం పొడులు వచ్చాయి. సూత్రం మాత్రం నవీన శిలాయుగం నాటిదే.

ఆ తొలినాటి పనితనానికి హాంగ్‌జౌ దగ్గరి లియాంగ్‌జూను మించిన సాక్ష్యం లేదు. క్రీ.పూ. 3300–2300 మధ్య వర్ధిల్లిన సమాజమది. అక్కడి ఫాన్‌షాన్ శ్మశానంలో 1986లో బయటపడిన ఒక త్సోంగ్ ఆరున్నర కిలోల బరువుంది. ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి, అతని కింద గుడ్లురిమే మృగం దాని మీద వెంట్రుకల్లాంటి గీతలతో తీరి ఉన్నాయి. లోహపు పనిముట్టు ఎరగని చేతులు తీర్చిన గీతలవి. బీ ఆకాశానికి, త్సోంగ్ భూమికి అని నిర్దేశించే ‘జౌ లీ’ గ్రంథం దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాతిది. లియాంగ్‌జూ వాళ్లు తమ నమ్మకాలను రాసిపెట్టలేదు. పెద్దల సమాధుల్లో జేడ్ వస్తువులను శవం చుట్టూ కుప్పలుగా పేర్చారు. అందులో ఆకాశపూజ ఉందో లేదో గాని, అన్ని చేతుల శ్రమను ఒక్క మనిషి పేర పోగుచేయించగలిగిన అధికారం మాత్రం స్పష్టంగా ఉంది.

ఇక్కడ కన్‌ఫ్యూషియస్‌ను అడ్డుపెట్టవచ్చు. జేడ్‌ను ఆదరించి, చూపుకు అలాంటిదే అయిన మామూలు రాతిని ఈసడించడం అది అరుదనా అని శిష్యుడు జిగోంగ్ అడిగినట్టు, గురువు కాదని దయ, జ్ఞానం, ధర్మం వంటి సుగుణాలను ఆ రాతిలో చూపినట్టు ‘లీ జీ’లో ఉంది. అంటే విలువ అర్థంలోనే ఉందనేగా? అయితే ఆ సుగుణాలకు ఆయన చూపిన ఆధారాలేమిటో చూడాలి. వెచ్చని నునుపు, కోణాలున్నా కోయని అంచులు, వినయంగా కిందికి వేలాడటం, తడితే ఖంగున మోగి చటుక్కున ఆగే నాదం. ఏటి ఒడ్డున దొరికిన గులకరాయికి ఇవన్నీ ఉండవు. అరగదీసి, మెరుగుపెట్టి, నడుముకు కట్టుకున్న ఆభరణానికే ఉంటాయి. నీతిశాస్త్రం సానరాతి మీద పుట్టిందనడం కాస్త మోటుగా వినిపిస్తుంది గాని, అబద్ధం కాదు.

‘హాన్ ఫెయ్‌జీ’లోని బియాన్ హ కథ మరో అభ్యంతరం. అతడు ముడిరాయి తెస్తే చూ రాజులిద్దరు ఉత్త రాయి అని ఒకరి తర్వాత ఒకరు అతని పాదాలు నరికించారు. విలువ లోపలే ఉంది, చూసే కన్ను లేదంతే అన్నది ఆ కథ సారం. ఒప్పుకుంటాను. కానీ మూడో రాజు కూడా కంటితో తేల్చలేదు. పనివాడి చేత తీర్చించాకే నమ్మాడు.

అర్థం ఓడిపోయినా జేడ్ ఓడిపోలేదనడానికి హాన్ యుగం సాక్ష్యం. శవం కుళ్లకుండా జేడ్ కాపాడుతుందని అప్పటి రాజకుటుంబీకులు నమ్మారు. క్రీ.పూ. 113లో చనిపోయిన లియూ షెంగ్‌కు 2498 జేడ్ బిళ్లలను బంగారు తీగతో కుట్టిన కవచం తొడిగారు. 1968లో మాన్‌చెంగ్‌లో సమాధి తెరిస్తే కవచం ఉంది, దేహం లేదు. దొంగలైతే బంగారం కోసం అలాంటి కవచాలను కాల్చేశారు. అది చూసే క్రీ.శ. 222లో వెయ్ చక్రవర్తి సావో పీ వాటిని నిషేధించాడు. అమరత్వపు నమ్మకం అలా దెబ్బతిన్నా, జేడ్ పనివాళ్ల సాన ఆగలేదు.

శ్రమే కొలత అయితే ఎంత ఎక్కువ పని పెడితే అంత గొప్ప కావాలి కదా? ఇది బలమైన ప్రశ్న, జవాబు చియాన్‌లోంగ్ చక్రవర్తి దగ్గర దొరుకుతుంది. 1759లో షిన్‌జియాంగ్ అతని వశమయ్యాక ఖోటాన్ రాయి పుష్కలంగా వచ్చింది. ఐదు టన్నులు దాటిన ఒకే బండను యాంగ్‌జౌ పనివాళ్లు ఏళ్ల తరబడి తీర్చి, వరదలను అదుపు చేసిన యూ మహారాజు గాథగా 1787లో ముగించారు. అంత పని చేయించినవాడే, సందులేకుండా నగిషీలు నింపిన ఆనాటి బజారు జేడ్‌ను చూసి ఇది రాతికి పట్టిన పీడ అని విసుక్కున్నాడు. మొఘలుల జేడ్ పాత్రల మీద మాత్రం మోజుపడి పద్యాలు రాశాడు. వాటికీ ముడిరాయి ఖోటాన్ వైపు నుంచే వెళ్లేది; హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని జహంగీర్ బాకు ఆ సంప్రదాయంలోదే. చక్రవర్తికి నచ్చింది పనిముట్టు జాడ చేతికి తగలని నునుపు. అంటే మెప్పు పొందే శ్రమ తన్ను తాను చెరిపేసుకునే శ్రమ.

బర్మా నుంచి వచ్చిన పచ్చని జేడైట్ దగ్గర నా వాదన కొంత సడలుతుందని ఒప్పుకోక తప్పదు; అక్కడ ధర పలికేది రంగే. అయినా తైపే జాతీయ ప్రాసాద మ్యూజియంలోని ప్రసిద్ధ క్యాబేజీని చూడండి. సగం తెలుపు, సగం పచ్చ, పైగా పగుళ్లున్న రాయి అది. గిన్నెకో గాజుకో పనికిరాదు. పేరు తెలియని పనివాడు తెలుపును కాడగా, పచ్చను ఆకులుగా, పగుళ్లను ఈనెలుగా మలిచాడు. తెలుపు వధువు శీలానికి, ఆకు మీది పురుగులు సంతానానికి గుర్తులన్న వ్యాఖ్యానం, ఆ వస్తువు గ్వాంగ్‌షూ చక్రవర్తి భార్య జిన్ నివసించిన మందిరంలో దొరికింది కనుక ఆమె కట్నంలోది అయి ఉంటుందన్న ఊహ మీద నిలబడింది.