బిళ్ళ లేచే చోటు, బంతి వచ్చే దారి

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కే పనితనానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే కర్రతో పిల్లలు చేసుకునే గోడుకూ బిళ్ళకూ గుర్తింపులేమీ లేవు. కానీ కర్రతో కొట్టే ఆటల చరిత్ర చెప్పాలంటే ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో మొదలుపెట్టాల్సింది బిళ్ళంగోడుతోనే. తెలంగాణలో దీన్నే చిర్రాగోనె అంటారు.

నేలలో చిన్న గుంట, మూరెడు పైచిలుకు గోడు, రెండు కొసలూ చెక్కిన జానెడు లోపు బిళ్ళ. గుంట మీద అడ్డంగా పెట్టిన బిళ్ళను గోడుతో ఎగజిమ్మడం మొదటి ఘట్టం. అవతలివాళ్ళు గాల్లో పట్టుకుంటే ఆట పోయినట్టే. ఆ గండం గడిచాక అసలు విద్య మొదలవుతుంది. నేల మీదున్న బిళ్ళ మొన మీద తడితే అది గిర్రున తిరుగుతూ నడుమెత్తుకు లేస్తుంది. లేచిందాన్ని కింద పడకముందే బాదాలి. వంగిన నడుము లేస్తూండగానే మణికట్టు తిరుగుతుంది, గోడు కింది నుంచి పైకి సాగుతుంది. గట్టిగా తడితే బిళ్ళ మొహం మీదికి వస్తుంది, మెల్లగా తడితే మోకాలు దాటదు. చేయి తిరిగినవాళ్ళు గాల్లోనే దాన్ని మరోసారి తట్టి, తమకు కావలసిన ఎత్తుకు తెచ్చుకుని మరీ కొడతారు. ఇక్కడ బిళ్ళను లేపేదీ కొట్టేదీ ఒక్కరే. అందుకే ఎవరి వాటం వారిదే, దాన్ని తప్పనేవారు లేరు. కంటికి తగులుతుందని పెద్దలు తిట్టేవారు. ఆ తిట్లలో న్యాయం ఉంది.

బంతి వేసేవాడు వేరొకడైతే లెక్క మారుతుంది. క్రికెట్‌లో బంతి నేలను తాకి లేస్తుంది, ఎంత లేస్తుందో ముందుగా తెలియదు. వెనక వికెట్లు నిలువుగా ఉంటాయి. బ్యాటు నిలువుగా దించితే ఎత్తు అంచనా కాస్త తప్పినా బంతి తగులుతుంది. నిటారు బ్యాటు అనే నియమం అక్కడినుంచి పుట్టింది. ఆ నియమంలోనే ఎంత దూరం కొట్టొచ్చో దేశానికి చూపించింది నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు బిడ్డ సి.కె. నాయుడు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేశారు, అందులో 11 సిక్సర్లు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. వయసు మళ్ళాక ఆంధ్ర జట్టు తరఫున రంజీ కూడా ఆడారు.

అమెరికా బేస్‌బాల్‌లో బంతి నేలను తాకదు. 1893 నుంచి విసిరే దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మొదటి తరంలో బంతులు నలిగి, మాసి, మెత్తబడి ఉండేవి. ఎంత బాదినా దూరం పోయేవి కావు. అందుకే టై కాబ్ రెండు చేతుల మధ్య ఖాళీ ఉంచి బ్యాటు పట్టుకుని, బంతిని ఫీల్డర్ల సందుల్లోకి నెట్టేవాడు. తర్వాత బేబ్ రూత్ వచ్చాడు. షూలెస్ జో జాక్సన్ వాటాన్ని చూసి నేర్చుకున్నానని చెప్పుకున్న ఈయన బ్యాటును కొసన పట్టి, ఒళ్ళంతా తిప్పి పైకి లేపాడు. 1920లో 54 హోమ్ రన్లు, అంటే మైదానం దాటే దెబ్బలు, కొట్టాడు. అదే ఏడు రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్‌వి 19. ఇది రూత్ బలమే అనుకోవడం సగం నిజం. ఉమ్మి పూసి విసిరే బంతిని నిషేధించి, మాసిన బంతులు మార్చడం మొదలైంది కూడా ఆ కాలంలోనే.

బ్యాటును పైకి లేపే ఈ వాటాన్ని టెడ్ విలియమ్స్ లెక్కగా చెప్పాడు. 1941లో .406 సగటు సాధించిన ఈయన 1971లో రాసిన పుస్తకంలో వాదించిందిది: పిచర్ దిబ్బ మీద నిలబడి విసిరిన బంతి కిందికి వాలుతూ వస్తుంది, కాబట్టి బ్యాటు కాస్త పైకి సాగాలి. అప్పుడు రెండింటి దారీ ఎక్కువసేపు కలుస్తుంది. బ్యాటింగ్ కోచ్ చార్లీ లావ్ మరో మాట అన్నాడు: బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి రావాలి, తల కదలకూడదు. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో .390 సాధించాడు. విలియమ్స్ చెప్పిన తుంటి తిప్పుడా, లావ్ చెప్పిన బరువు మార్పిడా అన్న తగువు దశాబ్దాలు సాగింది. నా దృష్టిలో రెండూ ఒకే ఊపులో ముందువెనకల భాగాలు. 2015లో స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ బంతి లేచే కోణాన్ని కొలవడం మొదలెట్టాక మొగ్గు విలియమ్స్ వైపే తిరిగింది. 2019లో లీగ్ మొత్తం మీద హోమ్ రన్లు 6,776కు చేరాయి. దానికి ఖరీదూ ఉంది: అంతకు ముందు ఏడే, కొట్టలేక ఔటయ్యే స్ట్రైకౌట్లు, కొట్టి బేస్ చేరే హిట్లను మించిపోయాయి.

బేస్‌బాల్‌కు చెల్లెలైన సాఫ్ట్‌బాల్ పుట్టుక సరదాగా ఉంటుంది. 1887లో షికాగోలో నాలుగు గోడల మధ్య, బాక్సింగ్ గ్లవ్‌ను బంతిగా చుట్టి, చీపురుకర్రతో ఆడారు. ఈనాటి మహిళల ఆటలో విసిరే దూరం 43 అడుగులు. వేగం తక్కువైనా దూరం తగ్గడంతో, బేస్‌బాల్‌లో లాగే, చూసి కొట్టడానికి సెకనులో సగం కూడా మిగలదు. పైగా చేయి గిర్రున తిప్పి తుంటి పక్కనుంచి వదిలిన బంతి పైనుంచి వాలదు, దాదాపు సమంగా వస్తుంది. విలియమ్స్ పాఠం ఇక్కడ అక్షరాలా పనికిరాదు. బ్యాటు సమతలంగా, కురచగా తిరగాలి. ఎడమచేతి వాటం వాళ్ళు మరో దారి కనిపెట్టారు: మొదటి బేస్ వైపు పరుగు తీస్తూనే బంతిని నేలకు తట్టడం. దాన్ని స్లాప్ అంటారు.

మన దేశంలో సాఫ్ట్‌బాల్ సంఘం 1961లో ఏర్పడింది. మనవైపు ఈ ఆట క్లబ్బుల కంటే స్కూల్ గేమ్స్ ద్వారానే ఎక్కువగా వచ్చింది. అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడా కార్యక్రమాల్లో దీనికీ చోటుంది. క్రికెట్ చూసి పెరిగిన పిల్ల సాఫ్ట్‌బాల్ బ్యాటు పట్టగానే ముందు మోచెయ్యి ఎత్తి, బ్యాటును నిలువుగా దించుతుంది. బంతి దాని పక్కనుంచి పోతుంది. ఆ అలవాటు మాన్పించాలంటే పదే పదే నిలువు బ్యాటు తప్పని చెప్పడం కంటే, బిళ్ళను నడుమెత్తుకు లేపి అడ్డంగా కొట్టించడం మేలనుకుంటాను. కాకపోతే బిళ్ళకు ఒక చెయ్యి చాలు. ఇక్కడ రెండో చేతినీ, వెనక పాదం మడమ తిప్పడాన్నీ కొత్తగా నేర్పాలి.