పచ్చిక బయళ్ల ఆరోగ్య శాస్త్రం: చరిత్ర

పశువులు మేసే సహజమైన గడ్డి నేలలు ఏ స్థితిలో ఉన్నాయో, ఎటు మారుతున్నాయో పరిశీలించి చెప్పే శాస్త్రం ఇది. వృక్షశాస్త్రం, నేలల శాస్త్రం, పశుపోషణ కలిసే చోట పుట్టింది. గడ్డి ఎంత ఉందన్న లెక్కతో మొదలై, ఏ గడ్డి ఉంది, దాని కింద మట్టి నిలిచి ఉందా, పడిన వాన ఇంకుతోందా అన్న ప్రశ్నల దాకా రావడానికి దీనికి వందేళ్లకు పైగా పట్టింది.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856లో జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ ఒక పాత పచ్చికను మళ్లుగా విడగొట్టి, ఒక్కో మడికి ఒక్కో రకం ఎరువు వేసి ఎండుగడ్డి దిగుబడి తూచడం మొదలుపెట్టారు. వాళ్లు వెతికింది దిగుబడినే. కొద్ది ఏళ్లలోనే మళ్లు చూపుకే వేరువేరుగా కనిపించసాగాయి. ఎరువు పడని మడిలో నలభై దాకా జాతుల మొక్కలు నిలిచాయి. అమ్మోనియం సల్ఫేటు ఎక్కువగా పడ్డ చోట నేలలో ఆమ్లగుణం పెరిగి, కాలక్రమంలో రెండు మూడు జాతులే మిగిలాయి. గడ్డి ఏపుగా ఉన్నంత మాత్రాన నేల బాగున్నట్టు కాదని అంకెలతో తేలిన తొలి సందర్భాల్లో ఇదొకటి. 'పార్క్ గ్రాస్' అనే ఆ ప్రయోగం నేటికీ సాగుతోంది.

పశువుల మేత ప్రభావాన్ని పట్టి చూసే పని అమెరికా పశ్చిమ ప్రాంతంలో ఊపందుకుంది. అక్కడ పంతొమ్మిదో శతాబ్దం చివర మందలు హద్దు మీరి పెరిగాయి, కొండవాలుల్లో గడ్డి నశించింది, వానొస్తే బురద వరదలు ఊళ్ల మీద పడేవి. అటవీ శాఖలో చేరిన యువ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ శాంప్సన్ 1907లో ఆరెగాన్‌లోని వలోవా కొండల్లో పరిశీలన మొదలుపెట్టాడు. వసంతంలో మొలక రాగానే మేపితే గడ్డి వేరులో దాచుకున్న శక్తి ఖర్చయిపోతుందని, విత్తనం కట్టే అవకాశమే ఉండదని గమనించాడు. బయలులో కొంత భాగాన్ని విత్తు ముదిరేదాకా వదిలేసి ఆ తర్వాతే మందను తోలమన్నాడు. అప్పుడు గిట్టల కింద పడి విత్తనం మట్టిలోకి దిగుతుంది. ఏటా ఆ భాగాన్ని మార్చాలన్నాడు. 1912లో యూటాలో ఏర్పడిన పరిశోధన కేంద్రంలో పక్కపక్కన ఉన్న రెండు పరీవాహక ప్రాంతాల నుంచి కొట్టుకొచ్చే మట్టిని కొలిచి, మేతకూ నేలకోతకూ ఉన్న సంబంధాన్ని చూపించాడు. మేత ఆపమనడం తేలిక. ఎప్పుడు, ఎంత మేపాలో చెప్పడానికి పూనుకోవడమే శాంప్సన్ పనిలో గొప్పతనం. 1923లో వెలువడిన ఆయన పాఠ్యగ్రంథం ఈ రంగానికి పునాది.

అదే కాలంలో నెబ్రాస్కాలో జాన్ వీవర్ మనిషి లోతు కందకాలు తవ్వి, గడ్డి వేళ్లను పోగు పోగుగా మట్టి నుంచి విడదీసి బొమ్మలు గీశాడు. ప్రేరీ మైదానాల గడ్డి వేళ్లు కొన్ని రెండు మీటర్ల కన్నా లోతుకు దిగాయి. పైన అదేపనిగా మేసేస్తే కింద వేళ్లూ కురచబడతాయి, కరవు వచ్చినప్పుడు ఆ గడ్డే ముందు చస్తుంది. నేల కింద సంగతి చూడకుండా గడ్డి గురించి తీర్పు చెప్పకూడదన్న పట్టింపు ఇలాంటి పని నుంచే వచ్చింది.

1949లో ఇ. జె. డిక్‌స్టర్‌హౌస్ ఈ జ్ఞానాన్ని కొలబద్దగా మార్చాడు. మొక్కలను మూడు వర్గాలు చేశాడు: పశువులు ఇష్టంగా తినడం వల్ల తగ్గిపోయేవి, అవి తగ్గిన కొద్దీ పెరిగేవి, బయటి నుంచి చొరబడేవి. సహజస్థితిలో ఉండాల్సిన మొక్కలు ఏ మేరకు మిగిలాయో చూసి, 25 శాతానికొక మెట్టు చొప్పున నేలకు నాలుగు తరగతులు పెట్టాడు. మన బీళ్లలో పశువులు అంతగా ముట్టని తంగేడు చిక్కబడడాన్ని, వయ్యారిభామ ఆక్రమించడాన్ని ఈ చూపుతో చదవవచ్చు. ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. మేత తగ్గిస్తే నేల వచ్చిన దారినే వెనక్కి వెళ్తుందని అది నమ్మింది. వాన ఏటికేడు మారే మెట్టప్రాంతాల్లో అలా జరగలేదు. ఒక హద్దు దాటి పొదలమయమైన నేల, మందలను తీసేసినా గడ్డినేల కాలేదు. 1989లో వెస్టోబీ, వాకర్, నోయ్-మెయిర్ ప్రతిపాదించిన నమూనా ఈ హద్దులను లెక్కలోకి తెచ్చింది.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు చట్రం వేసి అందులోని గడ్డి కోసి, ఎండబెట్టి తూచడంతో ఆగరు, మట్టి ఆనవాళ్లూ చూస్తారు. గడ్డి కుదురు చిన్న మట్టి దిమ్మె మీద నిలబడి, పక్కన వేళ్లు బయటికి కనిపిస్తుంటే, చుట్టూ ఉన్న పైమట్టి కొట్టుకుపోయినట్టే. అమెరికాలో వాడే పద్ధతిలో ఇలాంటి సూచికలు 17 ఉన్నాయి.

భారతదేశంలో జోధ్‌పూర్‌లోని శుష్కప్రాంత పరిశోధన సంస్థ 1959లో, ఝాన్సీలోని గడ్డినేలలు, పశుగ్రాస పరిశోధన సంస్థ 1962లో ఏర్పడ్డాయి. దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ 1973లో ప్రచురించిన గ్రంథం దేశంలోని గడ్డినేలలను ఐదు రకాలుగా విభజించింది. దక్కను పీఠభూమిలోని తెలుగు ప్రాంతాలు అందులో సెహిమా, డైకాంథియం గడ్ల పేరుతో పిలిచే రకం కిందికి వస్తాయి. ఆ తరం శాస్త్రజ్ఞులు మన గడ్డినేలలను చాలావరకు అడవి పోగా మిగిలినవిగానే చూశారు. వీటిలో చాలావరకు స్వతహాగానే ప్రాచీన వ్యవస్థలని తర్వాతి పరిశోధకులు వాదిస్తున్నారు. ఈ తేడా చిన్నది కాదు. 'బంజరు' అని రాసుకున్న చోట చెట్లు నాటడం పుణ్యకార్యంలా సాగిపోయింది, మేతబీళ్లు నష్టపోయాయి.

గుజరాత్‌లోని బన్నీ గడ్డినేల ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. పక్కనున్న రణ్ ఉప్పునేల నుంచి ఉప్పు పాకకుండా 1960లలో అటవీ శాఖ అక్కడ సర్కారు తుమ్మ నాటింది. పశువులు కాయలు తిని పేడతో విత్తనాలను చల్లాయి. రాత్రిపూట మేతకు వెళ్లే బన్నీ గేదెలకు పేరుపడిన ఆ నేలలో పెద్ద భాగం ముళ్లపొద అయింది.

నంద్యాల జిల్లా రోళ్లపాడులో సమస్య మరోలా వచ్చింది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించి, కొంత నేలను మేతకు మూసేశారు. గడ్డి చిక్కగా ఎదిగింది, కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పైర్ల మీద పడ్డాయి. పొట్టి, పలచని గడ్డిని కోరే బట్టమేక పిట్టలు మాత్రం తగ్గిపోయాయి. చుట్టూ సాగు తీరు మారడమూ ఇందుకు తోడైంది. గొర్రెల కాపరులను పూర్తిగా వెళ్లగొట్టకుండా, ఏ నెలల్లో ఎన్ని గొర్రెలను మేపనివ్వాలో తేల్చే పని ఇలాంటి నేలల్లో ఇంకా మిగిలే ఉంది.