పసిబిడ్డ ఊపిరిని లెక్కించిన చరిత్ర

దగ్గు, జ్వరంతో బాధపడుతున్న పసిబిడ్డకు వచ్చినది సామాన్యమైన జలుబా, లేక మన ఇళ్లలో నెమ్ము అని పిలిచే న్యుమోనియానా? జలుబు తనంతట తానే తగ్గిపోతుంది. న్యుమోనియాను ఉపేక్షిస్తే కొద్ది దినాలలోనే ప్రాణం తీయవచ్చును. ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించడానికి వైద్యశాస్త్రం నడచిన దారి ఆసక్తికరమైనది.

వియన్నా నగరంలో ఔయెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు రోగి ఛాతీని వేళ్లతో తట్టి లోపలి స్థితిని గ్రహించవచ్చునని 1761లో ప్రకటించాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాను తట్టి అందులో మద్యం ఎంత ఉన్నదో తెలుసుకునే అలవాటే కుమారునికి ఈ ఆలోచన కలిగించిందని చెబుతారు. సమకాలికులు ఆయనను పెద్దగా పట్టించుకోలేదు. 1808లో కార్విసార్ ఆ గ్రంథాన్ని ఫ్రెంచిలోకి అనువదించిన తరువాతనే దానికి ప్రచారం కలిగింది. 1816లో పారిస్‌లో లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నాడు, స్టెతస్కోపు పుట్టింది. 1881లో స్టెర్న్‌బెర్గ్, పాశ్చర్ వేర్వేరుగా న్యుమోకాకస్ క్రిమిని కనుగొన్నారు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రేను కనుగొన్నాడు.

ఇవన్నీ గొప్ప విషయాలే. కాని వైద్యుడు, ఆసుపత్రి ఉన్నచోటనే ఇవి అక్కరకు వస్తాయి. న్యుమోనియాతో మరణించే పసివారిలో అత్యధికులు అవి లేనిచోట పుట్టినవారు.

పాపువా న్యూ గినీ కొండసీమలోని గొరోకా ఆసుపత్రిలో ఫ్రాంక్ షాన్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు ఈ చిక్కును మరొక వైపునుంచి చూశారు. గ్రామ ఆరోగ్య కార్యకర్త కంటితో చూడగలిగిన లక్షణమేది? దగ్గుతున్న బిడ్డ నిమిషానికి 50కి మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియాగా భావించి మందు మొదలుపెట్టవచ్చునని 1984లో వారు ప్రతిపాదించారు. 1988లో వెల్లూరు వైద్యులు తమిళనాడు పిల్లలను పరిశీలించి, ఏడాది దాటిన పిల్లలకు 40 అనే హద్దు మేలని చూపారు. స్టెతస్కోపును మెడలో వేసుకుని జీవితం గడిపిన నాబోటివానికి ఇది కొంత అభిమానభంగమే. అయినా ఇందులోని తర్కం సులభమైనది. ఊపిరితిత్తుల గాలిగదులలో వాపు వలన ద్రవం చేరితే అవి బిరుసెక్కుతాయి. నిండుగా గాలి పీల్చలేని బిడ్డ చిన్నచిన్న ఊపిరులను వేగంగా తీస్తుంది. వ్యాధి ముదిరితే, గాలి పీల్చినప్పుడు రొమ్ము దిగువభాగం లోపలికి లాక్కుపోతుంది. మన తల్లులు దీనిని ఏనాడో గుర్తించి, డొక్కలెగరేస్తున్నాడు అన్నారు. రోగనిర్ణయంలో లోపం లేదు. ఆ తరువాత పక్కల మీద వాతలు పెట్టించడమే దారుణం.

మన తెలంగాణకు ఆనుకొని ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఈ విద్యను ఊరికి చేర్చారు. గ్రామ కార్యకర్తలకు, మంత్రసానులకు న్యుమోనియాను గుర్తించి కోట్రైమాక్సజోల్ ఇవ్వడం నేర్పారు. 1990లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ కార్యక్రమం నడిచిన గ్రామాలలో ఐదేళ్లలోపు పిల్లలు వెయ్యిమందికి న్యుమోనియా మరణాలు 8.1, నడవని గ్రామాలలో 17.5. అంకెలు రాని మంత్రసానుల కోసం ఒక్క నిమిషపు ఇసుక గడియారం, రెండు వరుసల పూసలు గల పరికరాన్ని కూడా వారు రూపొందించారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక జారిపోకముందే ఎర్రపూస వరకు వస్తే న్యుమోనియా.

ఈ లెక్కకు పరిమితి లేకపోలేదు. ఉబ్బసంతో పిల్లికూతలు వచ్చే బిడ్డకు కూడా ఊపిరి వేగం పెరుగుతుంది. అందువలన ఈ లెక్క చూసి మీరే యాంటీబయాటిక్ కొనవద్దు. వైద్యుని వద్దకు ఎంత త్వరగా వెళ్లాలో నిర్ణయించుకోవడానికి దీనిని వాడండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట కదలికను గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. రెండు నెలలలోపు శిశువుకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఆపై ఐదేళ్లలోపు పిల్లలకు 40, లేక అంతకు మించితే అది వేగమే. రెండు నెలలలోపు శిశువుల ఊపిరి సహజంగానే తడబడుతుంది కనుక మరొకసారి లెక్కించాలి. బిడ్డ పాలు తాగలేకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, డొక్కలెగరేస్తున్నా లెక్కతో నిమిత్తం లేకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.