ఖరగ్‌పూర్‌లో ఎంటమీబా ఎంజైమ్ పరిశోధన

జిగట విరేచనాలు, రక్త విరేచనాలు కలిగించే ఎంటమీబా హిస్టోలిటికా అనే ఏకకణ పరాన్నజీవి కలుషితమైన నీటితో, తిండితో ఒంట్లోకి చేరేది కోశం రూపంలో. ఆ కోశానికి గట్టిదనమిచ్చేది కైటిన్. దాని తయారీలో తొలిమెట్టయిన గ్లూకోసమైన్-6-ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్‌ను ఖరగ్‌పూర్ ఐఐటీలో పరిశీలించారు.

ఈ జీవిని 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ ఒక రోగి మలంలో చూశాడు. 1903లో ఫ్రిట్జ్ షౌడిన్ ఇప్పటి పేరు పెట్టాడు. వేరే సూక్ష్మజీవుల తోడు లేకుండా దాన్ని పెంచడం 1961లో లూయిస్ డైమండ్‌కు సాధ్యమయ్యాకే దాని జీవరసాయనం తేటపడసాగింది. 1974లో అమెరికాలో రిచర్డ్ రీవ్స్ బృందం ఒక వింతను బయటపెట్టింది: చక్కెరను విడగొట్టే కీలక ఘట్టంలో ఈ అమీబా కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీకి బదులు పైరోఫాస్ఫేట్‌ను వాడుతుంది. మైటోకాండ్రియా ద్వారా శక్తి పొందలేని జీవికి అది ఎంతో ఆదా.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. అక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ఐఐటీ మొదలైంది. దాని బయోటెక్నాలజీ విభాగంలో సుదీప్ కుమార్ ఘోష్ బృందం ఎంచుకున్నది పేగులో తిరిగే అమీబాను కాదు, కోశం కట్టుకునే అమీబాను. వ్యాధిని ఒకరి నుంచి ఒకరికి చేరవేసేది కోశమే గనుక ఆ ఎంపిక ఎంతో సబబైనది.

మనిషిలోని జాతి ప్రయోగశాలలో కోశం కట్టదు. అందుకే సరీసృపాలలో ఉండే ఎంటమీబా ఇన్వాడెన్స్‌ను నమూనాగా తీసుకున్నారు. గ్లూకోజ్ తీసేసి, ద్రవాన్ని పలచన చేస్తే అది కోశంగా మారుతుంది. దాని గోడలో కైటిన్ ఉన్నదని 1980లోనే తేలింది. చాలా జీవుల్లో కైటిన్ దారి గ్లూటమిన్‌ను వాడుకునే వేరే ఎంజైమ్‌తో మొదలవుతుంది. ఎంటమీబాలో ఆ పని ఐసోమరేజ్‌దేనని ఈ బృందం 2012లో ప్రకటించింది. ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫెరెన్స్ పద్ధతితో ఆ జన్యువును అణచగా కైటిన్ తయారీ, దానితో పాటు కోశం ఏర్పడటం తగ్గాయి.

అదే ఏడు జపాన్‌లో తొమొయొషి నొజాకి బృందం కోశం కట్టే వేళ అమీబాలోని జీవక్రియా పదార్థాలను కొలిచింది. చక్కెర విచ్ఛిత్తి వైపు వెళ్లే పదార్థం కైటిన్ తయారీకి మళ్లుతోందని అది కూడా చూపింది. ఆకలి పుట్టినప్పుడే, మిగిలిన చక్కెరను గోడకు వెచ్చించడం ఈ జీవిలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం.

వాడుకలో ఉన్న మెట్రోనిడజోల్ తిరిగే అమీబాను చంపుతుంది గానీ కోశాలపై దాని ప్రభావం తక్కువ. మనిషి ఒంట్లో కైటిన్ తయారు కాదు. కాబట్టి ఈ దారిలోని ఎంజైమ్‌లను మందుల లక్ష్యాలుగా పరిశీలిస్తున్నారు.