పెరటి నుయ్యి పాడుబడిందెందుకు

పాత ఇంటి పెరట్లో సిమెంట్ పలక మూసిన గుండ్రటి గట్టు కనిపిస్తే దాని కథ అందరం ఒకే తీరుగా చెప్పుకుంటాం: బోర్లు వచ్చాయి, నీటిమట్టం పడిపోయింది, నుయ్యి ఎండిపోయింది. రాయలసీమకూ తెలంగాణ మెట్టకూ ఈ కథ చాలావరకు సరిపోతుంది. డెల్టాకు మాత్రం సరిపోదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలవల ఊటతో అక్కడి నేల తడారలేదు. ఇవాళ్టికీ చాలా ఊళ్లలో కొద్ది గజాలు తవ్వితే నీరు పడుతుంది. అయినా అక్కడా నూతులు పూడ్చేశారు, చెత్త పోశారు, పలకలు కప్పేశారు. నీరున్నచోట కూడా నుయ్యి చచ్చిందంటే కారణం భూగర్భంలో కాదు, గట్టు దగ్గరే వెతకాలి. రోజూ చేద వేసి తోడినంత కాలమే నుయ్యి బాగుంది. తోడడం మానేశాక దానిలోకి తొంగిచూసే పని ఎవరికీ లేకుండా పోయింది. మిగతా కారణాలన్నీ ఆ తర్వాత వచ్చి చేరినవే.

ఒరల బావి మనకు కొత్తది కాదు. పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాటి ఇటుక బావులూ, కాల్చిన మట్టి ఒరలు ఒకదానిమీద ఒకటి పేర్చిన బావులూ బయటపడ్డాయి. మట్టి ఒర పోయి సిమెంట్ ఒర వచ్చినా పని అదే: మట్టి కూలకుండా ఆపాలి, ఊటను ఆపకూడదు. ఇలాంటి బావిలో ఏం జరుగుతోందో తోడేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చేంతాడు నిన్నటికంటే మూరెడు ఎక్కువ దిగితే నీరు తగ్గినట్టు. చేదలో బురద వస్తే పూడిక పెరిగినట్టు. ఒరల సందున రావిమొక్క తలెత్తితే వేరు ముదరకముందే పీకించాలి, లేకపోతే ఒర పగులుతుంది. వాసన మారినా, నురగ తేలినా, కప్ప చచ్చిపడినా పూటలోపే తెలిసిపోతుంది. పైగా తోడేకొద్దీ కొత్త ఊట వస్తుంది, నీరు నిలవుండదు. ఈ తనిఖీకి ఎవరూ పేరు పెట్టలేదు, జీతమూ ఇవ్వలేదు. ఇందులో ఎక్కువ భాగం చేసింది పొద్దున లేచింది మొదలు బిందెలు మోసిన ఆడవాళ్లు.

ఏటేటా చేసే పెద్ద పని వేరు. వేసవి చివర, నీరు అట్టడుగుకు దిగినప్పుడు, తొలకరికి ముందు పూడిక తీయించేవారు. లోపలికి మనిషి దిగేముందు వెలిగించిన లాంతరు తాడుకు కట్టి దింపుతారు. ఆరిపోతే గాలి చెడిందని లెక్క. ఆకుల మండల గుత్తిని పైకీ కిందికీ ఆడించి, గాలి కదిలాక మళ్లీ లాంతరు దింపుతారు. (దీపం ఆరకపోయినంత మాత్రాన లోపల విషవాయువు లేదని కాదు. పూడిక తీయడానికి దిగి మనుషులు చనిపోయిన వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.) ఉన్న నీరంతా తోడిపోశాక తట్టల్లో నల్లటి బురద పైకి వస్తుంది, దాంతోపాటు ఏడాదిగా జారిపడిన చెంబులూ గిన్నెలూ. ఒరల నాచు గీకి, ఊట కళ్లకు అడ్డుపడ్డ మట్టి తీసి, సున్నం చల్లి, రాత్రంతా ఊరనిచ్చి, మొదటి నీరు పారబోసేవారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. ఆ బురదలో దిగింది ఇంటివాళ్లు కాదు. తవ్వినవాళ్లు వడ్డెరలు, ఉప్పరులు. పూడిక తీసినవాళ్లు కూలీలు. బావి అడుగున నిలబడి పనిచేసిన మనిషికి చాలా ఊళ్లలో అదే గట్టు మీద నిలబడి నీళ్లు తోడుకునే హక్కు లేదు. 1938 నాటి మద్రాసు చట్టం ప్రజల బావుల దగ్గర అంటరానితనాన్ని నిషేధించింది కానీ పెరటిగోడ లోపలి నూతి జోలికి పోలేదు. కాబట్టి పెద్దల శ్రద్ధ అని మనం మురిసిపోయేదానిలో సగం చౌక కూలి. నా వాదనకు ఇది దెబ్బ కాదు, బలమే. లోపలికి చూసే కళ్లు ఇంటివైతే, లోపలికి దిగే చేతులు ఇతరులవి. కూలి న్యాయంగా పెరిగిన రోజున ఆ ధర ఇచ్చి పూడిక తీయించడం కన్నా పలక వేయించడం చౌక అనిపించింది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: చూపుకు అంత శక్తి ఉంటే పాత నూతుల నుంచి కలరా ఎలా వచ్చింది? వచ్చింది, నిజమే. కంటికి కనిపించేది మాత్రమే ఈ పద్ధతి పట్టుకోగలిగింది. 1890లలో హాంకిన్ అనే వైద్య శాస్త్రవేత్త కలరా ఊళ్ల బావుల్లో పొటాషియం పర్మాంగనేట్ వేయించడం మొదలుపెట్టాడు. నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది, రంగు నిలిస్తే మందు సరిపోయినట్టు. సర్కారు కూడా కంటినే నమ్ముకుందన్నమాట. తర్వాత ఆ మందు నమ్మదగింది కాదని తేలి బ్లీచింగ్ పౌడర్ వచ్చింది. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు ఉన్న నూతిలో సుమారు 9,400 లీటర్లుంటాయి, అంటే 24 గ్రాములు కూడా పట్టదు. నారికురుపు సంగతి వేరు. అది కాళ్లు నీళ్లలో పెట్టే దిగుడుబావుల జబ్బు, గట్టున్న చేదబావి దానికి విరుగుడు. ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. ఇక ఫ్లోరైడ్ ముందు చూపు పూర్తిగా ఓడిపోయింది. మద్రాసు రాష్ట్రంలో ఎముకలు వంకర తిరిగే ఆ జబ్బును 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించినప్పటికి బోర్లు ఇంకా రాలేదు. తేటగా, చల్లగా ఉన్న నీళ్లే మనుషుల్ని వంచేశాయి. పాత నుయ్యి శుద్ధమైనదని నేను అనడం లేదు. దానికో కాపలా ఉండేది, ఆ కాపలా చూపు కొంతదూరమే ఆనేది అంటున్నాను.

ఆ కాపలా ఏ వరసలో పోయిందో గమనించాలి. మొదట కొళాయి వచ్చింది. హైదరాబాద్‌ కొళాయిలకు నీళ్లిచ్చిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కొళాయి నీళ్లు తాగడానికి, నూతి నీళ్లు వాడకానికి అయ్యాయి. డెల్టాలో ఈ తేడా అంతకు ముందునుంచే ఉంది: తాగేది మంచినీటి చెరువు నీరు, ఉప్పనూతి నీరు అంట్లకూ బట్టలకూ. అయినా నుయ్యి బతికింది, ఎందుకంటే చేద పడుతూనే ఉంది. తర్వాత అదే నూతిలో మోటారు దించారు. నీరు మారలేదు, నుయ్యి మారలేదు, నీళ్లూ తగ్గలేదు. చేంతాడు మాత్రం పోయింది. దోమలు పెరగకుండా, పిల్లలు పడకుండా మూత వేశారు, అది సబబే. కానీ మూత కింద ఏముందో చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అదే రోజుల్లో పెరట్లోకి సెప్టిక్ ట్యాంకు వచ్చింది. నూతికీ దానికీ కనీసం 15 మీటర్ల దూరం ఉండాలన్నది ఆరోగ్యశాఖలు చెప్పే లెక్క, రెండు సెంట్ల స్థలంలో అది ఎక్కడ కుదురుతుంది? తోడుకునే రోజుల్లో అయితే వాసన పట్టించేది. బోరు వచ్చింది ఆఖరున, అప్పటికే అనాథ అయిన నూతి పక్కన.

చట్టం కూడా ఈ దారికి అడ్డు రాలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నేల కింది నీటిని తోడుకునే హక్కు నేల యజమానికిచ్చింది, దాన్ని బాగుచూసే బాధ్యత అప్పజెప్పలేదు. 120 ఏళ్ల తర్వాత 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బావుల నమోదు, కొత్త బోర్లకు అనుమతి, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు తవ్వకూడదన్న హద్దు పెట్టింది. బావుల విషయంలో దాని దృష్టి ఎక్కువగా ఎంత తోడుతున్నారన్నదాని మీదే.

ఈమధ్య మిద్దె మీది వాననీటిని పాత నూతిలోకి మళ్లిస్తున్న ఇళ్లు కనిపిస్తున్నాయి. 2000లో ప్రభుత్వం మొదలుపెట్టిన నీరు–మీరు కార్యక్రమం కాలం నుంచి ఇంకుడు గుంతల మాట వింటున్నవాళ్లకు ఇది సులువైన పనిగా తోస్తుంది, తవ్విపెట్టిన గుంత ఉండనే ఉంది కదా అని. అయితే ఇంకుడు గుంతలో నీరు గులకరాళ్లూ ఇసుకా దాటి మెల్లగా దిగుతుంది. నుయ్యి నేరుగా ఊటలోకి తెరిచి ఉన్న దారి. ఏళ్ల తరబడి పలక కింద చెత్త మగ్గిన నూతిలోకి పైపు పెడితే, ఆ చెత్తను కడిగి పక్కింటి బోరుకు పంపినట్టే. కాబట్టి ముందు పలక తీయించాలి, పూడిక తీయించాలి, దిగే మనిషికి గాలి పరీక్షా నడుముకు తాడూ ఉండాలి, పైపుకు ముందు వడపోత గుంట కట్టించాలి, మొదటి వాన నీటిని బయటికి వదిలేయాలి. ఇందులో ఖర్చయ్యేది మొదటి ఏడే. రెండో ఏడు ఆ పలక ఎవరు తీస్తారన్నదే తేలాలి.